212 గ్రాముల తగినంత

మా నువ్వులవలస ప్రాథమిక పాఠశాలలో నలభై ముగ్గురు పిల్లలు, ఇద్దరు టీచర్లు, ఒక వంటావిడ, ఒక చేతిబోరు ఉన్నాయి. కంప్యూటర్ లేదు. లేకపోయినా నష్టం లేదని, ఆ మాటకొస్తే లేకపోవడమే మేలని జూన్‌లో బడి తెరవగానే జిల్లా ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది.

కార్యక్రమం పేరు ‘చిట్టి కోడ్’. ఒకటో తరగతి నుంచి ఐదు దాకా ప్రతి బిడ్డకీ కోడింగ్ నేర్పాలి. కంప్యూటర్ ఉంటే పిల్లలు దాని వంకే చూస్తూ కూర్చుంటారు కనక, అది లేకుండా నిత్యజీవితంలోంచి నేర్పాలి. “విద్యార్థి తన పరిసరములందు జరుగు ఏదేని ఒక పనిని సందిగ్ధతకు తావులేని ఆదేశములుగా వ్రాసి, సదరు ఆదేశముల ప్రకారమే సదరు పనిని పాఠశాలయందు ప్రతిదినము అమలుపరచి, ఫొటోను యాప్‌నందు ఉంచవలెను” అని ఉంది అందులో.

నాది ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఇలాంటివి చాలా చూశాను. చేతులు కడిగించాను, మొక్కలు నాటించి వాటి పక్కన పిల్లల్ని నిలబెట్టి ఫొటోలు తీశాను, నవ్వుల శనివారం పెడితే శనివారాలు నవ్వించాను. కానీ నిజం చెప్పుకోవాలి, ఈ చిట్టి కోడ్ నాకు నచ్చింది. పిల్లలకి ఇంకా నచ్చింది. మొదటి రోజు నేనే రోబోనయ్యాను. “తలుపు దాకా నడవండి” అన్నారు. నడిచాను. “తలుపు తియ్యండి” అని చెప్పడం మరిచిపోయారు. నేను ఆగకుండా నడిచి తలుపుకి గుద్దుకున్నాను. గది గదంతా ఒకటే నవ్వు.

“చూశారా, చెప్పిందే చేస్తుంది. చెప్పనిది చెయ్యదు. అదే కంప్యూటర్” అన్నాను నుదురు రుద్దుకుంటూ. ఈ ఒక్క పాఠమూ పిల్లలకి ఎంత బాగా వంటబట్టిందో నాకు ఆగస్టులో గానీ తెలియలేదు.

ఏ పనికి కోడ్ రాద్దామంటే అందరూ మధ్యాహ్న భోజనంలో పప్పన్నారు. ఎందుకంటారా? మా ఊళ్ళో సగం మంది తల్లులు తెల్లారి ఆరింటికల్లా జీడిపిక్కల ఫ్యాక్టరీకి వెళ్ళిపోతారు. నాలుగో తరగతి జోషిత వాళ్ళమ్మా అంతే. పొద్దున్న టీలో బన్ను ముంచుకుని బడికొచ్చిన పిల్లకి మధ్యాహ్నం పప్పన్నమే ఆ రోజుకి మొదటి భోజనం. పదకొండున్నరకి పోపు వాసన వచ్చిందంటే ఆ తర్వాత నేనేం చెప్పినా ఆ పిల్ల చెవికెక్కదు.

కోడ్ రాసే పని జోషితకే ఇచ్చాను. నాలుగు రోజులు నోటుపుస్తకం పట్టుకుని మా వంటావిడ తవుడమ్మ వెనకాల తిరిగింది. తవుడమ్మ పద్నాలుగేళ్ళుగా మా బడిలో వండుతోంది. చదువు రాదు గానీ, ఏ పిల్ల కంచం సగంలో వదిలిందో, ఎందుకు వదిలిందో చూడకుండా చెప్పేస్తుంది.

“ఉప్పు ఎంత మామ్మా?” అని అడిగింది జోషిత.

“తగినంత.”

“తగినంతంటే ఎంత?”

“సూసి ఎయ్యాలే. నిన్న మామిడికాయ, ఇయ్యేల టమాటా. నిన్న నలభై మంది, ఇయ్యేల వానకి ముప్పై. ముందల అరపిడికిలెయ్యి. అరసేతిలో సుక్కేసుకుని నాకి సూడు. సప్పగుంటే ఇంకాస్తెయ్యి. మల్లీ సూడు.”

జోషిత అది ఇలా రాసింది: ‘పిల్లల్ని లెక్కపెట్టు. పులుపు ఏమిటో చూడు. మామిడికాయ అయితే ఎక్కువ, టమాటా అయితే తక్కువ. అరపిడికిలి వెయ్యి. రుచి చూడు. చప్పగా ఉంటే కొంచెం వేసి, మళ్ళీ రుచి చూడు దగ్గరికి వెళ్ళు. తగినంత అయితే ఆగు.’

నేను నోరెళ్ళబెట్టాను. ‘ఇలా అయితే అలా’ అనేది వచ్చేసింది. మళ్ళీ మళ్ళీ తిరిగేది వచ్చేసింది. ఎక్కడ ఆగాలో కూడా వచ్చేసింది. ఎవరూ నేర్పకుండా ఒక వంటావిడా, ఒక పిల్లా కలిసి నాలుగు రోజుల్లో కోడ్ రాశారు. చార్టు మీద పెద్దక్షరాలతో రాయించి గోడకి పెట్టాను. అక్కడే తప్పు చేశాను. నోటుపుస్తకంలో ఉంటే ఎవరూ చూసేవారు కాదు.

జూలై మొదటి వారంలో జిల్లా కోడింగ్ నోడల్ అధికారి మార్కండేయులు గారు తనిఖీకి వచ్చారు. అంతకుముందు ఏడాది ఆయన మరుగుదొడ్ల నోడల్ అధికారి. ఆయనా, వెంట పదిమందీ రెండు జీపుల్లో దిగారు. తనిఖీ అని ఆ రోజు పిల్లలు నలభై ముగ్గురూ వచ్చారు. వచ్చినవాళ్ళకి కూడా కలిపి తవుడమ్మ యాభై నాలుగు మందికి మామిడికాయ పప్పు ఎక్కించింది.

మార్కండేయులు గారు చార్టు ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

“హెడ్మాస్టర్ గారూ, ఈ ‘తగినంత’ ఏమిటండీ? ఇది ఆదేశమా, అభిప్రాయమా?”

“రుచిని బట్టి సార్...”

“రుచి అనేది వ్యక్తిగతం. కోడ్ అనేది ప్రభుత్వం. ‘తగినంత’లో సందిగ్ధత ఉంది. కంప్యూటర్ దీన్ని స్వీకరించదు. పైగా ఈ ‘మళ్ళీ రుచి చూడు’ అనేది తిరుగుతూనే ఉంటే భోజనం గంట కొట్టేదెప్పుడు? రుచి చూడుట అనే కమాండ్ ఏ కంప్యూటర్ భాషలోనూ లేదు. తొలగించండి.”

బియ్యం తలకింత, పప్పు తలకింత అని సరుకుల విభాగం వాళ్ళు ముందే అంకెలు కట్టి ఉంచారు. అంకె లేనిది ఉప్పొక్కటే. జీపు డ్రైవరు కిరాణా కొట్టుకి పరిగెత్తి ఎలక్ట్రానిక్ కాటా తెచ్చాడు. తవుడమ్మ ఆ రోజు పప్పుకని అంచనాగా గిన్నెలో తీసిపెట్టుకున్న ఉప్పుని కాటా మీద పోయించారు. రెండు వందల పన్నెండు గ్రాములు.

“అదీ! తగినంత అంటే రెండు వందల పన్నెండు” అన్నారు మార్కండేయులు గారు. పదిమందీ రాసుకున్నారు.

“బావూ, అది ఇయ్యేల్టికండీ. మామిడికాయ పప్పండీ” అంది తవుడమ్మ. ఆ మాట ఎవరూ రాసుకోలేదు.

తర్వాత ఆయన పిల్లల పంక్తిలో కింద కూర్చున్నారు. పప్పన్నం కలిపి, ముద్ద తీసి, పెదాల దాకా తెచ్చి ఆగారు. ఫొటో తీశారు. ముద్ద కంచంలోకి వెళ్ళిపోయింది. ఆయన చెయ్యి కడుక్కుని జీపెక్కారు. వారికి భోజనం మండలం గెస్ట్‌హౌస్‌లో ఏర్పాటయింది.

ఎదురుగా కూర్చున్న జోషిత ఆ ముద్దనే చూస్తోంది. “సార్, ఆయన తినలేదండీ” అంది.

“ఫొటో అయిపోయిందమ్మా” అన్నాను.

వారం తిరక్కుండా జిల్లాలోని అన్ని ప్రాథమిక పాఠశాలలకూ ఉత్తర్వు వెళ్ళింది. ‘ఉప్పు: 212 గ్రాములు. ఇందు ఎట్టి మార్పులు చేయరాదు.’ వెనకే సీలు వేసిన ఉప్పు పొట్లాలొచ్చాయి, రోజుకొకటి చొప్పున. ఖాళీ పొట్లం ఫొటో యాప్‌లో పెట్టాలి. “అన్నేసి చూడు, నన్నేసి చూడు అందట ఉప్పు” అని మన పెద్దలు చెప్పిన సామెతని జిల్లా ఆఫీసు ఇంత శ్రద్ధగా పట్టించుకుంటుందని నేను అనుకోలేదు.

ఉండబట్టలేక ఫోన్ చేశాను. “సార్, పిల్లలు రోజూ ఒకే సంఖ్యలో రారు కదా. తలకి ఇంత అని భాగించి ఇస్తే బాగుంటుందేమో.”

“భాగహారం ఏ తరగతిలో వస్తుందండీ?”

“మూడులో సార్.”

“చిట్టి కోడ్ ఏ తరగతి నుంచి?”

“ఒకటి నుంచి సార్.”

“మరి ఒకటో తరగతి బిడ్డకి అర్థం కాని కోడ్ జిల్లా అంతా పెట్టమంటారా? మీరే చెప్పండి, చదువుకున్నవారు.”

ఫోన్ పెట్టేశాను.

పొట్లం వాడిన మొదటి రోజు వాన. వచ్చింది ఇరవై ఆరు మంది. టమాటా పప్పు. తవుడమ్మ పొట్లం చేత్తో పట్టుకుని నా వంక చూసింది. నేను గోడ మీద ఉత్తర్వు వంక చూశాను. పొట్లమంతా పోసేసింది.

పిల్లలు మొదటి ముద్దకే ఆగిపోయారు. ఒకటో తరగతి వాళ్ళు ఏడ్చారు. కొందరు ఉత్తన్నం తిన్నారు. జోషిత అదీ తినకుండా బోరు దగ్గరికి వెళ్ళి కడుపు నిండా నీళ్ళు తాగొచ్చి కూర్చుంది. మా బడిచుట్టూ తిరిగే కుక్క పారబోసిన పప్పులో ఒకసారి మూతి పెట్టి, నా వంక ఒక చూపు చూసి వెళ్ళిపోయింది. యాప్ మాత్రం రెండే అడిగింది. వండారా? అవును. వడ్డించారా? అవును. నువ్వులవలస నూటికి నూరు.

మాది నయం. కొండ కింద రెల్లిగెడ్డ బడిలో తొమ్మిది మంది పిల్లలు. అక్కడి హెడ్మాస్టరు తొమ్మిది మందికి రెండు వందల పన్నెండు గ్రాములు ఎక్కువవుతోందని విన్నవించుకున్నాడు. జవాబొచ్చింది: “కోడ్ యందు మార్పు చేయుట వీలుపడదు. కావున తినువారి సంఖ్యను యాభై నాలుగు చేయవలెను.” పాపం ఆయన రోజూ పన్నెండింటికి రోడ్డు మీద నిలబడి గాజులమ్ముకునేవాణ్ణి, పోస్టుమాన్‌ని, బస్సు కోసం చూసేవాళ్ళని బతిమాలి తీసుకొచ్చి పంక్తిలో కూర్చోబెట్టేవాడు. పప్పు మాత్రం తొమ్మిది మందికిచ్చిందే. అయితేనేం, తలసరి ఉప్పు పడిపోయింది. ఈ విజయం మీద జిల్లా సమావేశంలో ఆయనకి శాలువా కప్పారు. కొన్నాళ్ళకి ఆ దారిన బస్సెక్కేవాళ్ళు రెల్లిగెడ్డ స్టాపు మానేసి ముందు స్టాపుకి నడిచిపోతున్నారని విన్నాను.

ఇక మా బడిలో రెండో వారం నుంచి పిల్లలు మళ్ళీ మామూలుగా తినసాగారు. కంచాలు ఖాళీ, పొట్లాలూ ఖాళీ. ఎలాగో నేను అడగలేదు. అడిగితే తెలుస్తుందని అడగలేదు.

ఆగస్టులో వంటగది వెనక బొప్పాయి చెట్టు ఎండిపోయింది. అది కాయల మీదున్న చెట్టు, నిక్షేపంలాంటిది. సరిగ్గా అప్పుడే మార్కండేయులు గారు మళ్ళీ వచ్చారు. రాజధాని నుంచి అదనపు సంచాలకులు మేడమ్ గారు మా బడినే చూడడానికి వస్తున్నారు, కోడ్ పుట్టిన చోటు కదా. ఏర్పాట్లు చూస్తూ ఆయన చెట్టు దగ్గర ఆగారు. చెట్టు మొదలు చుట్టూ తెల్లగా పొక్కిన మట్టిని వేలితో గీకారు. కాస్త నాలిక మీద వేసుకున్నారు. నాకు తెలిసి చిట్టి కోడ్ మొత్తంలో ఆయన రుచి చూసింది అదొక్కటే.

“ఉప్పు!” అన్నారు.

తవుడమ్మ దాచలేదు. “అవునండీ. తగినంత పప్పులో ఏసి మిగతాది సెట్టుకేసినాను. పొట్లం కాలీ సెయ్యాల కదండీ.”

“హెడ్మాస్టర్ గారూ, విన్నారా? ఇది కోడ్ ఉల్లంఘన. కోడ్‌లో లోపం లేదు. లోపం హార్డ్‌వేర్‌లో ఉంది. హార్డ్‌వేర్ మార్చాలి.”

మర్నాటికి మెమో వచ్చింది. మేడమ్ గారి సందర్శన ముగిసిన రోజు నుంచి తవుడమ్మని వంట పని నుంచి తొలగిస్తున్నారు. ఆమెకి చదివి వినిపించి, అందినట్టు వేలిముద్ర వేయించి, కింద సాక్షి సంతకం నేనే చెయ్యాలి.

“పిల్లలు తిన్నారు గదా మేస్టారూ. అదే గదా నా పని?” అంది.

అవునని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సంతకం చెయ్యడానికి చెయ్యి వచ్చింది. ఇరవై ఆరేళ్ళలో ఎన్నో కాగితాల మీద సంతకాలు పెట్టాను గానీ, ఇంత సిగ్గుపడి పెట్టింది లేదు. కిటికీ దగ్గర జోషిత నిలబడి అంతా విన్నది.

“కొత్తావిడ వస్తే పొట్లమంతా వేసేస్తుందా సార్?”

“వేస్తుందమ్మా.”



సందర్శనకి మార్కండేయులు గారి ఆజ్ఞ ఒకటే. “ఆ రోజు సమస్తం కోడ్ ప్రకారం జరగాలి. కోడ్‌లో ఉన్నది ఆగకూడదు, లేనిది జరగకూడదు. కార్యక్రమం కోడ్ కూడా పిల్లల చేతే రాయించండి. పిల్లలే రాశారంటే మేడమ్ గారు సంతోషిస్తారు.” పిల్లలు ముప్పై ఒక్క లైన్లు రాశారు. ఆయన మొదటి లైను ‘అతిథికి నమస్కారం పెట్టాలి’ చూసి, “భేష్” అని, ఆఖర్న ఆకుపచ్చ సిరాతో ‘ఆమోదించడమైనది’ అని రాసి సంతకం చేశారు. మధ్యలో ఇరవై తొమ్మిది లైన్లున్నాయి. మా శాఖలో మధ్యలోవి చదివే అలవాటు లేదు. నేను చదివాను. చదివి ఊరుకున్నాను.

మేడమ్ గారు వచ్చారు. కళ్ళజోడు, నూలు చీర, తక్కువ మాటలు. తవుడమ్మ పొద్దున్నే నా దగ్గరికొచ్చి, “ఆకరి రోజు గదా మేస్టారూ, ఆల్ల కోడే సేస్తాను, మాట రానివ్వను” అంది. టమాటా పప్పులో పొట్లం పూర్తిగా పోసింది. జోషిత కాగితం పట్టుకుని ప్రార్థనలో ప్రతిజ్ఞ చదివినట్టు ఒక్కో లైనూ గట్టిగా చదువుతోంది. అందరం అలాగే చేస్తున్నాం.

“ఇరవై: అతిథి, నోడల్ సారు పంక్తిలో కూర్చోవాలి. ఇరవై ఒకటి: పప్పన్నం కలపాలి. ఇరవై రెండు: ముద్ద నోటి దగ్గరికి తేవాలి.”

తెచ్చారు. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు.

“అప్పుడే కాదండీ” అంది జోషిత. “ఇరవై మూడు: ముద్ద నోట్లో పెట్టుకోవాలి. ఇరవై నాలుగు: నమలాలి. ఇరవై అయిదు: మింగాలి. ఇరవై ఆరు: ఫొటో తియ్యాలి.”

మార్కండేయులు గారి ముద్ద గాల్లో ఆగింది. “ఈ లైన్లు ఎవరు పెట్టారు?”

“తమరు ఆమోదించారు సార్” అన్నాను. ఆ మాట అనడానికి ఇరవై ఆరేళ్ళు పట్టింది నాకు.

“నేనే పెట్టానండీ” అంది జోషిత. “చెప్పకపోతే చెయ్యరు కదండీ. పోయినసారి సారు మింగలేదు.”

మేడమ్ గారు నవ్వారు. “కోడ్ కోడే కదా మార్కండేయులు గారూ. కానివ్వండి” అని ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఆయనకీ తప్పలేదు. ఇద్దరూ నమిలారు. ఇద్దరూ మింగారు. ఫొటోగ్రాఫరు లైను ఇరవై ఆరు అమలుపరిచాడు. ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. మనసు బాగోలేనప్పుడు తీసి చూసుకుంటాను.

మేడమ్ గారు గ్లాసెడు నీళ్ళు తాగారు. ఇంకో గ్లాసు తాగారు. గుమ్మంలో నిలబడ్డ తవుడమ్మ వైపు తిరిగి, “ఏమ్మా, ఉప్పు తగినంత వెయ్యాలి కదా!” అన్నారు.

జోషిత కాగితం దించింది. “మేడమ్, తగినంత అంటే ఎన్ని గ్రాములండీ?”

మేడమ్ గారు మార్కండేయులు గారి వైపు చూశారు.

“రెండు వందల పన్నెండు, మేడమ్” అన్నారాయన, నీళ్ళ గ్లాసులోంచి.

“రుచి ఎవరు చూశారు?”

“రుచి చూడుట కోడ్‌లో లేదు మేడమ్.”

“నాను సెప్పిన కోడ్‌లో ఉందండీ” అంది తవుడమ్మ, జోషితని చూపించి. “ఈ గుంట రాసింది గూడానండీ. తీసీమన్నారు.”

మేడమ్ గారు తన కంచం చూపించి, “దీన్ని బాగు చెయ్యగలవా?” అని అడిగారు. తవుడమ్మ ఉప్పు వెయ్యకుండా ఉడకబెట్టిన పప్పు పక్కన గిన్నెలో ఉంచే ఉంది. కోడ్ వాళ్ళదే అయినా చెయ్యి తనది కదా, ఉత్తినే ఊరుకోలేకపోయింది. రెండూ కలిపి, వేడి చేసి, అరచేతిలో చుక్క వేసుకుని నాకి చూసి, ఇంకాస్త టమాటా నలిపి పడేసింది. పిల్లలు తిన్నారు. మేడమ్ గారు మారు వేయించుకున్నారు. మార్కండేయులు గారు కూడా మింగారు, ఈసారి ఎవరూ చదవకుండానే.

మెమో రద్దయింది. మూడు వారాలకి సవరణ ఉత్తర్వు వచ్చింది. మా బడి అరుగు మీద కూర్చుని జోషిత దాన్ని తవుడమ్మకి చదివి వినిపించింది.

“ఉప్పు: తగినంత. ‘తగినంత’ అనగా వంట నిర్వాహకురాలు నిర్ణయించినంత అని గ్రహించవలెను. సదరు నిర్వాహకురాలిని ఇకపై హార్డ్‌వేర్‌గా గాక, సెన్సార్‌గా పరిగణించవలెను. సదరు సెన్సార్ నాలుకను ఏటా ఒకసారి జిల్లా కేంద్రమున మూడు దినములు పరీక్షింపజేయవలెను.”

“నాలికొక్కటీ పంపితే సాలా మేస్టారూ, నాను గూడా ఎల్లాలా?” అంది తవుడమ్మ. “నానెల్తే ఆ మూడు రోజులూ ఇక్కడ ఉప్పెవులు సూస్తారు?”

న్యాయమైన ప్రశ్న. రాతపూర్వకంగా జిల్లా ఆఫీసుని అడిగాను. జవాబు వెంటనే వచ్చింది: “సెన్సార్ అందుబాటులో లేని దినములందు, మిగిలియున్న 212 గ్రాముల పొట్లములు వాడవలెను.”

కాగితం పట్టుకుని వంటగదిలోకి వెళ్ళాను. గిన్నెలో పప్పు ఉడుకుతోంది. తవుడమ్మ గరిటెతో ఒక చుక్క తీసి జోషిత అరచేతిలో వేసింది.

“నాకి సూడు. సెప్పు.”

జోషిత నాకి, కళ్ళు మూసుకుంది. ఆలోచించింది. “ఇంకొంచెం పడాలి మామ్మా” అంది.

“ఎంత?” అన్నాను అలవాటుకొద్దీ.

ఇద్దరూ నా వైపు తిరిగి, అచ్చం జీపు దిగినవాణ్ణి చూసినట్టు చూశారు.